కాశీ యాత్రలు నడిపే చిన్న ట్రావెల్స్‌కి వెబ్‌సైట్: ఏం రాయాలి, దేనికి డబ్బు పెట్టాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాకినాడలో ట్రావెల్స్. రెండు టెంపో ట్రావెలర్లు, ఒక ఇన్నోవా. ఏడాదికి కొన్నిసార్లు కాశీ–గయ–ప్రయాగ బృంద యాత్ర, కార్తీకంలో పంచారామాలు, మిగతా రోజుల్లో పెళ్లిళ్లకీ తిరుపతికీ బళ్లు. వెబ్‌సైట్లు చేసే కంపెనీ ఒకటి హోం పేజీలో విమానం ఎగిరే యానిమేషన్, కదిలే బొమ్మలు, నలభై పేజీలు అంటూ పెద్ద కొటేషన్ ఇచ్చింది. కస్టమర్లని ఆకట్టుకోవాలంటే డిజైన్ ఎలా ఉండాలి అని అడిగారు. నేను ఒకప్పుడు యాత్రల ఆఫీసులో బుకింగులు చూసి, ఇప్పుడు ట్రావెల్స్ వాళ్లకే సైట్లు చేస్తున్నాను. అందుకని కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు ఆ విమానాన్ని తీసేయించండి. మీ యాత్రలో విమానమే లేదు కదా.

అసలు సంగతేమిటంటే, గూగుల్లో 'కాశీ యాత్ర ప్యాకేజీ' అని కొట్టిన మనిషికి కాశీ వెళ్లాలన్న కోరిక అప్పటికే ఉంది. గంగా హారతి ఫోటో చూపించి మీరు కొత్తగా పుట్టించాల్సింది ఏమీ లేదు. అతన్ని ఆపుతున్నది అనుమానం. వీళ్లెవరు, డబ్బు కట్టాక ఫోన్ ఎత్తుతారా, అమ్మ అంత దూరం నడవగలదా, చెప్పిన ధర కాక అక్కడికెళ్లాక ఇంకేం అడుగుతారు? ఆ అనుమానాలు తీర్చే పేజీ ఎంత సాదాగా ఉన్నా బుకింగులు తెస్తుంది. తీర్చని పేజీకి ఎన్ని రంగులేసినా చూసి వెళ్లిపోతారు.

కాబట్టి డిజైనర్ని పిలిచే ముందు ఓ పని చేయండి. ఆఫీసు ఫోను పక్కన నోటుబుక్కు పెట్టి, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాయించండి. 'కింద బెర్తులే ఇస్తారా', 'వెస్టర్న్ టాయిలెట్ ఉందా', 'ఉల్లి, వెల్లుల్లి లేకుండా భోజనం దొరుకుతుందా', 'మా నాన్నకి షుగరు, టిఫిన్ ఎన్నింటికి పెడతారు', 'ఒంటరి ఆడవాళ్లని ఎవరితో కలిపి గదిలో వేస్తారు'. రెండు వారాలు రాస్తే చాలు, అడిగినవే మళ్లీ మళ్లీ వస్తాయి. మీ వెబ్‌సైట్‌లో ఉండాల్సిన విషయం ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఏ కంపెనీ వాడూ దాన్ని మీకు రాసిపెట్టలేడు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మీ యాత్రకి వచ్చేవాళ్లు అరవై దాటినవాళ్లు. సైట్ చూసి డబ్బు కట్టేది మాత్రం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కూతురో కొడుకో. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో చూస్తారు, లింకు ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, అన్నయ్య ఒక మాట, వదిన ఒక మాట అన్నాక తేలుతుంది. అంటే పేజీ ఇద్దరికి పనికిరావాలి: ప్రయాణం చేసే పెద్దాయనకి, ఆయన గురించి బెంగపడే కూతురికి. దీన్నుంచే డిజైన్ నిర్ణయాలు చాలావరకు వాటంతటవే వస్తాయి. ప్రతి యాత్రకీ సొంత పేజీ, సొంత లింకు ఉండాలి. వాట్సాప్‌లో లింకు పెట్టగానే కింద వచ్చే చిన్న బొమ్మ, శీర్షికలో మీ కంపెనీ లోగో కాదు, 'కాశీ–గయ–ప్రయాగ, కాకినాడ నుంచి, ఇన్ని రోజులు, ఫలానా తేదీ' అని కనపడాలి. ఆ ఏర్పాటుని ఓపెన్ గ్రాఫ్ ట్యాగులంటారు. మీ డెవలపర్‌కి ఆ మాట చెప్తే చాలు, పది నిమిషాల పని. చాలా ట్రావెల్స్ సైట్లలో ఇది ఖాళీగా ఉంటుంది. వివరాలన్నీ పీడీఎఫ్‌లో పెట్టి 'డౌన్‌లోడ్ బ్రోషర్' అనడం కూడా వద్దు. తేదీ మారినా పాత పీడీఎఫ్ ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది.

ఇక కాశీ పేజీ. మీ సైటంతటికీ ఇదే ప్రాణం, అందుకే ఎక్కువ చెప్తాను.

'మొదటి రోజు: కాశీ చేరుకొనుట. రెండవ రోజు: స్థానిక దర్శనములు' అని కరపత్రం భాషలో రాసేస్తుంటారు. దాంట్లో కూతురికి కావలసింది ఒక్కటీ లేదు. రైలు ఏ స్టేషన్లో, ఎన్నింటికి ఎక్కాలి, స్లీపరా థర్డ్ ఏసీనా, మీ మనిషి అదే బోగీలో ఉంటాడా? బస ఏ ఘాటుకి దగ్గర, లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తు ఎవరికి ఇస్తారు? గొదౌలియా దాటి పెద్ద బళ్లు గుడి దాకా వెళ్లవనీ, అక్కడ దిగి ఈ-రిక్షాలోనో నడిచో వెళ్లాలనీ ముందే రాయండి. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి అవి ఎక్కడ పెట్టాలో, మనుషులు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా. కాశీ నుంచి గయకి రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. పెద్దవాళ్లతో అంటే దాదాపు రోజంతా ప్రయాణమే. దాన్ని ఒక్క ముక్కలో 'గయ దర్శనం' అని తేల్చేయకండి. ఎక్కడ ఆగుతారు, టాయిలెట్లు ఎలా ఉంటాయి అన్నది ఆ వయసువాళ్లకి విష్ణుపాదంతో సమానమైన ప్రశ్న.

క్రతువుల దగ్గరే డబ్బు గొడవలు ఎక్కువ వస్తాయి. గయలో పిండప్రదానం ఒక్క విష్ణుపాదం దగ్గరా, ఫల్గు నది, అక్షయవటం కలిపి మూడు చోట్లా? పురోహితుడి సంభావన ప్యాకేజీలో ఉందా, అక్కడ ఇచ్చుకోవాలా? ఇచ్చుకోవాలంటే ఎంత నుంచి ఎంత వరకు? ప్రయాగలో దంపతులు వేణీదానం (భార్య జడ కొసని సంగమంలో సమర్పించే క్రతువు) చేసుకుంటే ఖర్చు ఎవరిది, త్రివేణీ సంగమానికి పడవ డబ్బులు ఎవరివి? తల్లిదండ్రులు ఉన్నవాళ్లు గయ రోజున ఏం చేస్తారు? ఇవన్నీ రూపాయల్లో రాయడానికి చాలామంది జంకుతారు, ధర పెరిగినట్టు కనిపిస్తుందని. నిజానికి ఆ వరసలు చదివాకే జనం మీకు ఫోన్ చేస్తారు. వేరే ఎవరి పేజీలోనూ అవి ఉండవు గనక. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలనుకునేవాళ్లు కూడా ఫోన్ చేస్తారు. మీ యాత్రలో అది లేకపోతే లేదని రాసేయండి, లేదా విడిగా ఏర్పాటు చేయగలిగితే దానికి వేరే పేజీ పెట్టండి.

ఎవరు రాకూడదో కూడా రాయండి. మెట్లు ఎక్కలేనివాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు మాతో మాట్లాడాకే డబ్బు కట్టండి అని. అలా రాస్తే రావలసినవాళ్లు కూడా బెదిరిపోతారని భయం వద్దు, వాళ్లకి ధైర్యం వస్తుంది. యాత్ర వెంట వచ్చే మేనేజరు ఫోటో, పేరు, ఆయన ఎన్నేళ్ల నుంచి ఈ దారిలో తిరుగుతున్నాడో పెట్టండి. వంటవాణ్ణి వెంట తీసుకెళ్తున్నట్లయితే అతని ఫోటో కూడా. నన్నడిగితే ఆ వంటవాడి ఫోటో గంగా హారతి ఫోటోకన్నా ఎక్కువ సీట్లు నింపుతుంది. ఉత్తరాదిలో వారం రోజులు రొట్టెలేనా అన్న బెంగ మనవాళ్లకి మామూలుది కాదు.

రైలు టిక్కెట్ల సంగతి తేదీల పక్కనే ఉండాలి. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. అంటే ప్రయాణానికి రెండు నెలల ముందు టిక్కెట్లు తెరుచుకునే రోజుకి మీ చేతిలో పేర్లు, వయసులు ఉండాలి. అందుకని ప్రతి యాత్ర తేదీ కింద 'ఈ తేదీలోగా పేర్లు ఇస్తే రైలు టిక్కెట్టు మా పూచీ, ఆ తర్వాత వస్తే వెయిటింగ్ లిస్టు రావచ్చు' అని రాయండి. జనం తొందరగా తేల్చుకోవడానికి ఇది నిజమైన కారణం. 'ఇంకా రెండే సీట్లు!' అని ఎర్రక్షరాలతో తిరిగే గడియారం అక్కర్లేదు. అన్నట్టు, ఐఆర్‌సీటీసీ అధీకృత ఏజెంటు ద్వారా టిక్కెట్లు తీస్తుంటే ఆ మాట పేజీలో చెప్పండి. సొంత ఐడీ మీద తీసి లాభానికి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం.

ధర దగ్గరికి వద్దాం. 'ధర కోసం సంప్రదించండి' అన్న వాక్యం మీ పోటీదారుకి మీరు ఇచ్చే బహుమానం. చూసినవాళ్లలో చాలామంది సంప్రదించరు, ధర రాసినవాడి దగ్గరికి పోతారు. బృంద యాత్రకి మనిషికి ఇంత అని పెట్టి, కింద రెండు వరసలు: ఇందులో ఉన్నవి, ఇందులో లేనివి. రెండో వరస మొదటిదానికన్నా వివరంగా ఉండాలి. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది ధర పక్కనే.

బళ్ల అద్దెలో చిక్కు ఇంకోటి. మనకి అలవాటైన లెక్క కస్టమరుకి తెలియదు. ఊరికే ఉదాహరణకి కొన్ని అంకెలు తీసుకుందాం. ఇన్నోవా కిలోమీటరుకి 18 రూపాయలు, రోజుకి కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా రోజుకి 500. కస్టమరు రెండు రోజుల్లో 520 కిలోమీటర్లు తిరిగాడు. అతని మనసులో లెక్క 520 ఇంటూ 18, అంటే 9,360. మీ బిల్లు 600 కిలోమీటర్లకి 10,800, బత్తా 1,000, మొత్తం 11,800. టోల్, పార్కింగ్ మళ్లీ వేరు. ఆ 2,440 రూపాయల తేడా దగ్గరే గొడవ మొదలై, సాయంత్రానికి గూగుల్లో ఒక్క చుక్క రివ్యూగా తేలుతుంది. ఈ లెక్కనే, మీ సొంత అంకెలతో, బళ్ల పేజీలో పూర్తిగా వేసి చూపించండి. కిలోమీటర్లు షెడ్డు నుంచి షెడ్డుకి లెక్కపెడతారా, కస్టమరు ఇంటి నుంచా అన్నది కూడా. ఘాట్ రోడ్డుకి, రాత్రి నడపడానికి, రాష్ట్రం దాటితే పర్మిట్‌కి విడిగా తీసుకుంటే అవీ. ఎక్కువ ధర చెప్పినందుకు కన్నా చెప్పని ధర అడిగినందుకే మనుషులకి కోపం వస్తుంది.

దీనికి చట్టం వైపు కూడా ఓ మాట ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చింది. ముందు తక్కువ ధర చూపించి చివర్లో ఒక్కొక్కటే కలపడం, లేని తొందర సృష్టించడం, అడగని ఇన్సూరెన్సు టిక్కు పెట్టి ఉంచడం లాంటి 13 రకాల మాయల్ని అందులో పేర్కొన్నారు. మీకిచ్చిన కొటేషన్లో 'కౌంట్‌డౌన్ టైమర్' లాంటిదేమైనా ఉందేమో చూడండి. ఉంటే తీసేయమనండి.

ఫోటోల విషయంలో ఒకటే నియమం: మీవే ఉండాలి. నెట్‌లో దొరికే దశాశ్వమేధ ఘాట్ ఫోటో వంద సైట్లలో ఉంది, దాన్ని చూసి ఎవరూ మీ బండి ఎక్కరు. టెంపో ట్రావెలర్ని పసుపు నంబరు ప్లేటు కనిపించేలా బయట నుంచి, తర్వాత లోపల సీట్లు, కాళ్లు పెట్టుకునే జాగా, వెనక సామాను చోటు, ఎక్కే మెట్టు ఎంత ఎత్తో తెలిసేలా ఓ ఫోటో. మోకాళ్ల నొప్పులున్న తల్లి కోసం బుక్ చేసేవాళ్లు ఆ మెట్టునే చూస్తారు. యాత్రికుల ఫోటోలు పెట్టేటప్పుడు వాళ్లని అడిగి పెట్టండి. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోదు. వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫైలు రూపంలోకి మార్చి 200 కేబీ లోపుకి దించమనండి. పేజీలో ముఖ్యమైన బొమ్మో శీర్షికో 2.5 సెకన్లలో కనపడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో లింకు వేస్తే ఎంత పడుతోందో చూపిస్తుంది. డెవలపర్‌కి చివరి విడత డబ్బు ఇచ్చే ముందు మీరే వేసి చూడండి, మొబైల్ అన్న చోట.

భాష: తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండు పేజీలూ ఉంచండి. అమెరికాలో పెరిగిన మనవడు తెలుగు చదవలేకపోవచ్చు, కాకినాడ తాతగారికి ఇంగ్లీషు పేజీ అక్కర్లేదు. ఇక్కడ మనవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. కరపత్రం చేసే డీటీపీ ఆపరేటరు 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసి, దాన్ని బొమ్మగా మార్చి ఇస్తాడు. ఆ బొమ్మని సైట్లో అతికిస్తారు. అందులో రాసింది వెతుకులాటలో దొరుకుతుందని నమ్మకం లేదు, పెద్దాయన అక్షరాలు పెద్దవి చేసుకుందామంటే మసకబారతాయి, ఫోన్ చదివి వినిపించదు. విషయమంతా యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ గూగులూ అక్షరాలుగా చదవగలిగే పద్ధతిలో, టైపు చేయించండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు ఉచితం. వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టమనండి, లేకపోతే ఒత్తులు కింది వరస అక్షరాల గుడుల మీద పడతాయి. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి ఇంగ్లీషు పేజీ శీర్షికల్లో మనం పిలిచే పేర్లే ఉండాలి. తర్వాతెప్పుడైనా పౌర్ణమి గిరిప్రదక్షిణకి బళ్లు వేస్తే, అరుణాచలం, తిరువణ్ణామలై రెండు పేర్లూ రాయండి. మనవాళ్లు మొదటిది కొడతారు, రైలు టిక్కెట్టు మీద రెండోది ఉంటుంది.

ఆన్‌లైన్‌లో సీటు ఎంచుకుని డబ్బు కట్టే వ్యవస్థ మీకు ఇప్పుడే వద్దు. ఈ వ్యాపారంలో మాట్లాడకుండా ఎవరూ కట్టరు. ప్రతి పేజీ కింద కదలకుండా రెండు బటన్లు: ఫోన్, వాట్సాప్. వాట్సాప్ బటన్ నొక్కగానే 'కాశీ యాత్ర, ఫలానా తేదీ గురించి అడుగుతున్నాను' అని ముందే రాసి ఉండేలా చేయొచ్చు. ఏ పేజీ నుంచి వచ్చారో మీకు తెలుస్తుంది, వాళ్లకి టైపు చేసే పని తప్పుతుంది. అడ్వాన్సు మాత్రం మీ వ్యక్తిగత నంబరుకి కాకుండా ట్రావెల్స్ పేరు మీద ఉన్న ఖాతాకే కట్టమనండి. స్కాన్ చేయగానే సంస్థ పేరు కనిపిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత తిరిగి ఇస్తారో చిన్న పట్టికగా పెట్టండి. ఇంట్లో మరణమో అనారోగ్యమో వస్తే ఏం చేస్తారో అందులో విడిగా ఉండాలి. మీ యాత్రికుల వయసుకి అది జరిగే మాటే. సైట్ ఫారంలో ఆధార్ కాపీలు అడగకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, జనం వివరాలు పోగేసి పెట్టుకుంటే వాటి భద్రత బాధ్యత మీ నెత్తిన పడుతుంది. పేరు, ఫోన్ నంబరు, ఎంతమంది, అంతే.

తిరుపతి పేజీలో 'దర్శనం గ్యారంటీ' అన్న మాట ఎక్కడా రాయకండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు టీటీడీ సొంత వెబ్‌సైట్‌లో భక్తులే వాళ్ల పేరు మీద తీసుకోవాలి. ఆ సంగతి చెప్పి, మీరు ఇచ్చేది బండి, బస అని స్పష్టంగా రాస్తే చాలు.

సైట్ పెట్టగానే జనం వచ్చేయరు. బళ్ల అద్దె వ్యాపారానికి సైట్ కన్నా ముందు కావలసింది గూగుల్ మ్యాప్స్‌లో మీ ఆఫీసు. బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి, పేరు వెనక 'బెస్ట్ ట్రావెల్స్ కాకినాడ చీప్ ట్యాక్సీ' అని తోక తగిలించొద్దు. అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ ఆగిపోవచ్చు. డిస్కౌంట్ ఇస్తామని రివ్యూలు రాయించుకోవడం కూడా అంతే. యాత్ర నుంచి తిరిగొచ్చిన రెండు మూడు రోజుల్లో, డబ్బు కట్టిన కూతురికి లింకు పంపి అడగండి. ఆవిడే రాస్తుంది, అమ్మానాన్న చెప్పిన ముచ్చట్లతో సహా.

కార్తీకం గురించి చివరగా. మీకు ఇది సొంత గడ్డ: ద్రాక్షారామం, సామర్లకోట కుమారారామం గుమ్మంలోనే ఉన్నాయి. భీమవరం సోమారామం, పాలకొల్లు క్షీరారామం, అమరావతి అమరారామం కలిపి ఒక్కరోజులో చూపించే బళ్లకి కార్తీక సోమవారాల్లో గిరాకీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆర్టీసీ కూడా ప్రత్యేక బస్సులు వేస్తుంది, టిక్కెట్టు ధరలో వాళ్లతో మీరు పోటీ పడలేరు, పడొద్దు. మీ పేజీ ఆ బస్సు సరిపోనివాళ్ల కోసం: పదిమంది బంధువులు కలిసి వెళ్లేవాళ్లు, అభిషేకం చేయించుకుని నిదానంగా కదిలేవాళ్లు, సోమవారం రద్దీ పడక మామూలు రోజున వెళ్దామనుకునేవాళ్లు. ఏ క్షేత్రానికి ఎన్నింటికి చేరతారు, ఎక్కడ ఎంతసేపు ఆగుతారు, ఉపవాసం ఉన్నవాళ్లకి ఏం ఏర్పాటు అన్నది రాయండి. ఈ పేజీ దీపావళికి పెడితే ఆలస్యమైపోతుంది. గూగుల్ కొత్త పేజీని పట్టుకుని పైకి తేవడానికి సమయం పడుతుంది గనక శ్రావణంలోనే ఉండాలి. సీజను అయిపోయాక తీసేయకండి. అదే లింకులో 'వచ్చే కార్తీకానికి పేర్లు తీసుకుంటున్నాం' అని మార్చి ఉంచితే మరుసటి ఏడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కక్కర్లేదు.

కొటేషన్ సంగతి: మీకు నలభై పేజీలు అక్కర్లేదు, తెలుగు ఇంగ్లీషు కలిపి పదిహేను చాలు. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేసినా ఇబ్బంది లేదు. తేదీలు, ధరలు మీ ఆఫీసు అమ్మాయి ఫోన్ నుంచే మార్చుకోగలగాలి. ప్రతిసారీ కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తే ఉగాది నాటికి ఆ సైట్లో దసరా తేదీలే ఉంటాయి. డొమైన్, అంటే సైట్ చిరునామా పేరు, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో కొనండి. హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే అద్దె చోటు) పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. 'అవన్నీ మేం చూసుకుంటాం సార్' అంటే ఒప్పుకోకండి, కంపెనీతో చెడిన రోజున పేరే పోతుంది. రెండో ఏడాది నుంచి రెన్యువల్‌కి ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోండి.

నోటుబుక్కులో ప్రశ్నలు పోగయ్యాక కాశీ పేజీకి ఒక చిత్తుప్రతి రాసి ఇక్కడే పెట్టండి. ధరలు లేకపోయినా పర్లేదు, 'ఇందులో లేనివి' వరస మాత్రం తప్పకుండా ఉండాలి. చూసి చెప్తాను.